లిడియా మడమ

2025 జూన్ 11, బుధవారం

ఆపరేషన్ అక్కర్లేదు! అక్కర్లేదంటే అక్కర్లేదు! దేవునికి స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు, మా అమ్మాయి లిడియా మడమ కొయ్యక్కర్లేదు!

గుంటూరు నుంచి వచ్చి ఇంకా చొక్కా కూడా విప్పలేదు. ముందు ఇది రాసి తీరాలి. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన ఈ డైరీలో ఇన్నాళ్ళూ గ్యాస్ బండ వచ్చిన తేదీ తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాస్తాను. ఎవరికీ చూపించను కాబట్టి తిట్లు కూడా రాస్తాను.

ఎముకల డాక్టరమ్మ పేరు బిందుమాధవి గారు. చిన్న వయసు, చల్లని చెయ్యి. ఎక్స్‌రే వెలుతురు మీద పెట్టి, "ఈ కొక్కెంలాంటిది చూశారా? మిమ్మల్ని భయపెట్టింది ఇదేనా?" అంది.

"అదేనమ్మా. ఎముక పెరిగిందట. ముల్లులాగా లోపల గుచ్చుతోందట. కోసి తీసెయ్యాలట."

"ఎవరన్నారు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ రెబ్కా, "మా ఊరి ఆరెంపీ, కరుణాకర్" అని చెప్పేసింది.

"ఇది ఏ నొప్పీ లేనివాళ్ళకి కూడా ఉంటుంది పెద్దాయనా. మీ కాలికి ఎక్స్‌రే తీసి చూస్తే మీకూ ఉండొచ్చు. నొప్పి దీనివల్ల కాదు" అని, లిడియా మడమ లోపలి పక్కన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. పిల్ల బల్ల మీద నుంచి ఎగిరిపడింది. "ఇక్కడ. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది, విల్లుకి నారి ఉన్నట్టు. గట్టి నేల మీద రోజంతా నిలబడితే మడమ దగ్గర లాగి లాగి చిరుగులు పడతాయి. నిద్రలో అది ముడుచుకుంటుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మళ్ళీ లాగుతుంది. ఆ మొదటి అడుగుకి ప్రాణం పోయినంత పనవుతుంది. కాసేపు తిరిగితే కాస్త సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్ళీ మొదలు. అవునా?"

లిడియా తల ఊపుతూ ఏడ్చేసింది. నొప్పికి కాదు. ఇన్ని నెలల్లో తన నొప్పిని తనకంటే బాగా చెప్పినవాళ్ళు ఆమె ఒక్కతే. ఒకరు ఒళ్ళన్నారు, ఒకరు వాతమన్నారు, ఒకరు పని దొంగ అన్నారు.

"ఏం పనమ్మా నీది?"

"గుంటూరులో చీరల షాపండీ. పట్టు కౌంటర్."

"లోపల చెప్పులు వేసుకుంటావా?"

"వేసుకోనివ్వరండీ. పాలరాయి మీద ఒట్టి కాళ్ళతోనే."

"కూర్చోడానికి ఏమైనా ఉందా?"

లిడియా నవ్వింది. అంతే, నవ్వింది. డాక్టరమ్మ ఆ నవ్వు కూడా కాగితం మీద రాసుకున్నట్టే అనిపించింది నాకు.

మడమలోకి మూడు ఇంజెక్షన్లు వేయించామని చెప్పేసరికి ఆమె పెన్ను కింద పెట్టేసింది. అన్నీ చూసుకుని ఎప్పుడైనా ఒకటి వేస్తారట. మాటిమాటికీ పొడిస్తే మడమ కింద ఉండే మెత్త కరిగిపోతుందట, ఆ పట్టీ తెగినా తెగుతుందట! తెగినా తెగుతుందట! మడమ మీద కాలిన మచ్చ చూసి, "ఇదేంటి?" అంది. జిల్లేడాకు వేసి వేడి ఇటుకరాయి పెట్టామని ఎవరు చెబుతారు? రెబ్కా ఫ్యాను వైపు చూసింది. నేను రెబ్కా వైపు చూశాను.

చెప్పినవి: మంచం దిగకముందే కాలివేళ్ళు తువ్వాలుతో తన వైపు లాక్కోవాలి. గోడకి చేతులు ఆనించి పిక్క సాగదీయాలి. నీళ్ళ సీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించాలి. మెత్తటి మడమున్న చెప్పులు వేసుకోవాలి, ఇంట్లో కూడా. గట్టి నేల మీద ఒట్టి కాలు పెట్టకూడదు. గంటల తరబడి నిలబడకూడదు. సుగరు, థైరాయిడ్ చూపించుకోవాలి. నెలలు పడుతుంది, తొందరపడకూడదు. చాలామందికి ఇంతటితోనే తగ్గిపోతుందట. తగ్గకపోతే రాత్రిపూట కాలికి కట్టుకునే పట్టీ ఉందట, తరంగాలతో చేసే మిషన్ వైద్యం ఉందట. కోత అన్నిటికంటే చివర.

చివర! ఆ కరుణాకర్‌గాడు మొదటే కత్తి అన్నాడు. వాడి నోట్లో మా చేలో మిరపకాయ పెట్టాలి. మాకు చేను లేదు, అయినా పెట్టాలి.

జూన్ 12

పొద్దున్నే కరుణాకర్ దగ్గరికి వెళ్ళాను. నెమ్మదిగా మాట్లాడి వస్తానని రెబ్కాకి చెప్పే వెళ్ళాను. నెమ్మదిగానే మొదలుపెట్టాను.

"ఏమయ్యా, నా కూతురి కాలు నీకు ప్రాక్టీసుకి దొరికిందా?"

"అదేంటి జక్రయ్య బాబాయ్, పొద్దున్నే! ఇంజెక్షన్ వేసిన రోజు లిడియా గెంతుకుంటూ వెళ్ళిందా లేదా?"

"వెళ్ళింది. ఆ గెంతుడే కదయ్యా కొంప ముంచింది! నొప్పి లేదనుకుని ఇంకో నెల అదే రాయి మీద నిలబడింది!"

"మరి నొప్పి తీసెయ్ అన్నది మీరే కదా బాబాయ్. కారణం తీసెయ్ అనలేదుగా."

బెంచీ మీద జ్వరాలవాళ్ళంతా నవ్వారు. నేనూ ఏదో అనాలి కదా, "నీ బోర్డు పీకిస్తా" అన్నాను. బోర్డు కోసం చూశాను. బోర్డే లేదు. ఇంకా మండింది.

జూన్ 15, ఆదివారం

కొత్త చెప్పులు కొన్నాం. అడుగు దూదిలా ఉంది. చర్చి గుమ్మం దగ్గర లిడియా అలవాటుగా విప్పబోయింది. "విప్పకు, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. లోపల బండలు, ఆడవాళ్ళు చాపల మీద. పిల్ల భయంగా వేసుకునే వచ్చింది.

సంఘం పెద్ద ఒకాయన, పేరు రాయను, రాస్తే నోరు పాడవుతుంది, "పరిశుద్ధ స్థలంలో చెప్పులేంటి జక్రయ్యా, మీ ఇంటి పద్ధతి మారిందే" అన్నాడు. నా గొంతు పాటలోకంటే పైకి లేచింది. పాస్టరు ఇమ్మానియేలు గారు పుస్తకం మూసి, "వేసుకో అమ్మా. కాలు నొప్పితో నిలబడి చేసే ప్రార్థన దేవుడికి కూడా కష్టమే" అన్నారు. అందరూ చల్లబడ్డారు, నేను తప్ప. చెప్పులు వేసుకుని నిలబడడానికి దేవుడి ఇంట్లో ఒప్పుకున్నారు. చీరల షాపులో ఒప్పుకోరట!

జూన్ 19

ఆ షాపు సంగతి ఇవాళ కూర్చోబెట్టి అడిగాను. లిడియా సీసా దొర్లిస్తూ చెప్పింది. కొనేవాళ్ళకి నేల మీద తెల్ల పరుపులు, దిండ్లు. అమ్మే పిల్లలు పరుపుల అవతల నిలబడాలి. షాపు మొత్తానికీ ఎవరూ చెప్పులు వేసుకోకూడదు, లక్ష్మి తిరిగే చోటట. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా ఆ పాలరాయే. కౌంటర్ ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. కూర్చుంటే బేరం లేని షాపులా కనిపిస్తుందని ఫ్లోర్ మేనేజరు వీరాంజనేయులు అంటాడట. కెమెరాలో చూసి జీతంలో కోత పెడతాడట.

"మరి ఆ కాలికి వైద్యం ఎట్లా తల్లీ? ఇంట్లో సాగదీసి, అక్కడ తెంపుకుంటావా?"

"నేను మాట్లాడతాను నాన్నా. నువ్వు మాత్రం షాపుకి రాకు."

"నేనెందుకు వస్తాను?"

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది ఎందుకొస్తావో. మాటివ్వు. ఆ ఉద్యోగం నాకు కావాలి. పట్టు చూపించడం నాకు వచ్చు. అక్కడ నా అంతగా ఎవరికీ రాదు."

అది నిజం. చెయ్యి తగలగానే జరీ నిజమో అబద్ధమో చెప్పేస్తుంది. పెళ్ళి వద్దని మొండికేసిన పిల్ల, పెళ్ళి చీరలు చూపిస్తుంటే మాత్రం ముఖం వెలిగిపోతుంది. నేను దూదిమిల్లులో నలభై ఏళ్ళు గింజలు తీసిన దూది మోశాను, ఒక్క రోజు కూడా నా మొహం అలా వెలగలేదు.

మాటిచ్చాను.

జూన్ 28

ఆషాఢం తగ్గింపులు మొదలయ్యాయి. ఊళ్ళకి ఊళ్ళు ఆ షాపులోనే ఉన్నాయట. భోజనానికి పది నిమిషాలు, అది కూడా మెట్ల మీద నిలబడే. ఇంటికి వచ్చేసరికి మడమ నేలకి ఆనడం లేదు, వేళ్ళ మీద నడిచి వచ్చింది, కళ్ళంలో ఎండు మిరపకాయలు తొక్కకుండా నడిచినట్టు. ఐసు సీసా నేనే దొర్లించాను. "మాట్లాడావా?" అన్నాను. "రద్దీ తగ్గాక" అంది.

రద్దీ తగ్గాక! కాలు మిగలాలి కదా రద్దీ తగ్గేదాకా.

జూలై 1

మేనేజరుతో మాట్లాడిందట. "అందరికీ ఉండే నొప్పేగా" అన్నాడట. అందరికీ ఉంటే అది నొప్పి కాదా?

జూలై 3

నేను షాపుకి వెళ్ళను. మాటంటే మాటే.

జూలై 5, శనివారం

రెబ్కాకి చీర కావాలి. కావాలా వద్దా అని ఆమెని అడగలేదు, కావాలి. ఆషాఢంలో తగ్గింపు ఉన్నప్పుడే కదా కొనాల్సింది. గుంటూరులో మంచి షాపులు రెండు మూడే ఉన్నాయి. అందులో ఒకటి లిడియా చేసేది అయితే నా తప్పా?

గేటు దగ్గరే చెప్పులు విప్పించి టోకెన్ ఇచ్చారు. ఆ పాలరాయి మీద కాలు పెట్టగానే ఏసీ చలి మోకాలి దాకా పాకింది. నాకే అలా ఉంటే! లిడియా అవతలి కౌంటర్‌లో ఉంది. మమ్మల్ని చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. మా దగ్గరికి వచ్చింది నజ్మీన్, లిడియా స్నేహితురాలే, ఇంటికి రెండుసార్లు వచ్చింది.

"ఏ రేంజ్‌లో చూపించమంటారు ఆంటీ?"

"ముందు నువ్వు కూర్చో అమ్మా" అన్నాను. "తర్వాత చీర."

"వద్దు అంకుల్, ప్లీజ్. సార్ చూస్తున్నాడు."

"చూడనీ. నువ్వు కూర్చుంటేనే మేం చూస్తాం. లేకపోతే మాకు ఏ చీరా కనపడదు."

రెబ్కా నా తొడ గిల్లింది. కానీ పక్క పరుపు మీద ఒక పెద్దావిడ, చుట్టూ మనవరాళ్ళు, ఒళ్ళో గుట్టగా పట్టు చీరలు, మా వైపు తిరిగింది. పేరు సుబ్బరావమ్మట. ప్రత్తిపాడు వైపు మిరప రైతులు, శ్రావణంలో మనవరాలి పెళ్ళి.

"అన్నయ్య చెప్పింది నిజమే. ఇందాకట్నుంచీ పైకి చూసి చూసి నా మెడ పట్టేసింది. కూర్చోవే పిల్లా!"

అప్పుడొచ్చాడు వీరాంజనేయులు, మెడలో టై, మొహాన నవ్వు. "ఏమైనా ప్రాబ్లమా అమ్మగారూ?"

"ఏమయ్యా మేనేజరూ, ఈ పిల్లలు కూర్చుంటే చీర రంగు వెలుస్తుందా?"

"అబ్బే, కస్టమర్‌కి మర్యాద అండీ."

"నా నెత్తి మీద నిలబడి చీర విసరడం మర్యాదా? నాకూ ఉందయ్యా మడమ నొప్పి. చేలో గట్ల మీద తిరిగి తిరిగి తెచ్చుకున్నా. చూస్తావా?" అని చీర పైకి జరిపి కాలు ఎత్తి చూపించింది. పరుపుల మీద వాళ్ళంతా నవ్వులు. మేనేజరు కూడా నవ్వాడు. బేరం ఎక్కడ పోతుందోనని నవ్వాడు. అక్కడితో ఆపేస్తే బాగుండేదని రెబ్కా అంటోంది.

నేను లేచి నిలబడ్డాను. "ఆ కౌంటర్‌లో కుంటుతోందే, ఆ పిల్ల నా కూతురు! దానికి చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పింది, నువ్వు వేసుకోనివ్వవు! కూర్చోమని చెప్పింది, నువ్వు కూర్చోనివ్వవు! నీ ఇంట్లో ఆడపిల్లలు లేరా?"

ఫ్లోరు ఫ్లోరంతా అటు తిరిగి చూసింది. లిడియా చీర మడత పెడుతోంది. అంచు అంచుకి కలిపి, చెంగు లోపలికి తిప్పి, చాలా నెమ్మదిగా. తలెత్తలేదు.

అలా అనాల్సింది కాదని ఇంటికొచ్చే దాకా ఆటోలో రెబ్కా పోరు. అనకుండా ఎలా ఉంటారు మనుషులు? అంత మందిలో ఒక్కడన్నా అడగాలి కదా!

రెబ్కా మాత్రం చీర కొనే వచ్చింది. బూడిద రంగు, గులాబీ అంచు. బాగుంది.

జూలై 6

లిడియాని పదిహేను రోజులు రావద్దన్నారు. "రెస్ట్ తీసుకో, మీ నాన్నగారు కోరుకున్నట్టే" అన్నాడట వీరాంజనేయులు. తర్వాత చూద్దామన్నాడట. ఆ చూద్దాం అంటే ఏంటో దూదిమిల్లులో చేసినవాడికి తెలియదా?

రాక్షసుడు. వాడు రాక్షసుడు. టై కట్టుకున్న రాక్షసుడు.

జూలై 7

లిడియా నాతో మాట్లాడలేదు.

జూలై 8

మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టింది, పచ్చడి వేసింది, నెయ్యి వేసింది. మాట్లాడలేదు.

జూలై 10

కోపం నా మీద కాదు. మేనేజరు మీద కోపం ఇంట్లో చూపిస్తోంది, అంతే. నా మీద కోపం ఎందుకుంటుంది? దాని కోసమే కదా వెళ్ళాను.

తువ్వాలు పెట్టి వేళ్ళు లాక్కుంటుంటే "ఇంకాస్త లాగమ్మా" అన్నాను. తువ్వాలు మడిచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

జూలై 12

ఇవాళ మాట్లాడింది. మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. వచ్చి ఎదురుగా నిలబడింది.

"మాటిచ్చావు నాన్నా."

"మీ అమ్మకి చీర..."

"అమ్మ పెట్టె నిండా చీరలే. నువ్వు వచ్చింది దేనికో నాకు తెలుసు, నీకు తెలుసు. నేను కుంటుతున్నానని అక్కడ ఎవరికీ తెలియకుండా ఎంత జాగ్రత్తగా నడిచేదాన్నో నీకు తెలుసా? కస్టమర్ ముందు నొప్పి మొహంలోకి రానిచ్చేదాన్ని కాదు. పట్టు చూపించేవాళ్ళ మొహం బాగుండాలి. నువ్వు లేచి 'కుంటుతోందే ఆ పిల్ల' అన్నావు. ఇప్పుడు నేను ఆ షాపులో కుంటిదాన్ని."

"ఎవరన్నారు? ఎవడన్నాడో చెప్పు!"

"నువ్వే అన్నావు నాన్నా. నీ కోపం నాకు బరువుగా ఉంది. మడమ నాది, ఉద్యోగం నాది. రెండూ నన్నే చూసుకోనివ్వు."

మిరపకాయ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను, వెధవ పని. కళ్ళు మండిపోయాయి. రెబ్కా నీళ్ళు తెచ్చి మొహాన కొట్టి, "దానికి నీ పోలికే వచ్చింది, ఇంకెవరికి చెప్పుకుంటావు" అంది.

జూలై 17

ఒకటి మాత్రం రాయాలి. ఈ పదిరోజుల్లో నొప్పి తగ్గింది. నిలబడకపోతే తగ్గుతోంది. మందు ఎక్కడుందో, రోగం ఎక్కడుందో ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఇది నేను పైకి అనలేదు. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం చాలా కష్టమైన పని.

జూలై 21, సోమవారం

తిరిగి రమ్మన్నారు! సంతోషంతో పొద్దున్నే పాలకోవా తెచ్చాను.

సాయంత్రం దాని మొహం చూశాక ఆ కోవా ఎవరూ ముట్టుకోలేదు. పట్టు కౌంటర్ తీసేశారు. గుమ్మం దగ్గర నిలబెట్టారు. వచ్చే పోయేవాళ్ళందరికీ చేతులు జోడించి నమస్కారం పెట్టే పని. రోజంతా! మడమ నొప్పి ఉన్న పిల్లని ఏరి కోరి గుమ్మం దగ్గర నిలబెట్టాడు! జరీ తెలిసిన చేతులు జోడించి నిలబెట్టాడు!

వాడి కళ్ళంలో వాన కురవ. వాడి బండి పంక్చరవ్వ. ఇంతకంటే పెద్ద తిట్లు నాకు వచ్చు కానీ రేపు ప్రార్థన ఉంది.

"నేను రానా?" అని మాత్రం అడగలేదు. అడగలేదు. రెబ్కా సాక్షి.

జూలై 26, శనివారం

శ్రావణం వచ్చింది. ముహూర్తాల రద్దీ. నజ్మీన్ నాలుగింటికి ఫోన్ చేసింది. వెనకాల గోల, ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"అంకుల్, లిడియా కూర్చుంది!"

"పడిపోయిందా?"

"కూర్చుంది అంకుల్, కావాలనే కూర్చుంది!"

జరిగింది ఇది. సగం నజ్మీన్ చెప్పింది, సగం ఇంటికొచ్చాక లిడియా చెప్పింది.

మధ్యాహ్నం ఒక పెళ్ళివారు వ్యాను దిగుతుంటే, గుమ్మం పక్కన ముసలివాళ్ళ కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని లిడియా కూర్చుందట. కూర్చునే చేతులు జోడించి, "నమస్కారమండీ, రండి, పట్టు చీరలు పై ఫ్లోరులో" అందట. పెళ్ళివారు కూడా నమస్కారం పెట్టి పైకి వెళ్ళారు, ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. వీరాంజనేయులు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"లే! ఓనరుగారు వచ్చే టైము!"

"సార్, నమస్కారం పెట్టేది చేతులతో కదా. కాళ్ళెందుకు సార్ మధ్యలో?"

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనివ్వండి. నిలబడి మాత్రం ఇక చెయ్యలేను. రేపు ఈ కాలు పూర్తిగా పోతే మీరు ఏ కౌంటర్‌లో పెడతారు నన్ను?"

అరవలేదట. రెబ్కా మీద ఒట్టు, అరవలేదట. నా కూతురేనా!

పైన నజ్మీన్ ఈ మాట విని, పరుపు అవతల నుంచి దాటి వచ్చి పెళ్ళికూతురు ఎదురుగా పరుపు మీద కూర్చుని చీర పరిచిందట. తర్వాత ఇంకో పిల్ల. తర్వాత పట్టు కౌంటర్ అంతా. వాళ్ళందరికీ మడమలున్నాయి కదా! ఒక్కొక్కరికీ ఒక్కో వైద్యం నడుస్తోందట, ఒకరికి ఇంజెక్షన్, ఒకరికి జిల్లేడాకు, ఒకరికి తాయెత్తు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఉద్యోగం పోతుందని అందరూ బాగానే నడిచారు.

ఓనరు వచ్చాడట. మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశాడట. పరుపు మీద పెళ్ళికూతురి అమ్మ, నజ్మీన్ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని అంచు చూసుకుంటున్నారు. బేరం నడుస్తోంది.

"మా నాన్న ఈ ఊళ్ళో పరుపు మీద కూర్చునే చీరలమ్మాడు" అన్నాడట ఓనరు. "అమ్మేవాళ్ళు నిలబడాలని ఎవరు పెట్టారయ్యా ఈ రూలు?"

వీరాంజనేయులు గొంతు సవరించుకుని, "మీరే సార్. పాలరాయి వేయించినప్పుడు" అన్నాడట.

ఎవరూ నవ్వలేదట. నేను మాత్రం ఇంట్లో కడుపు పట్టుకుని నవ్వాను.

ఇక నుంచి కూర్చుని అమ్మచ్చని ఓనరే చెప్పేశాడట. లోపల వేసుకోడానికి మాత్రమే ఉంచుకునే మెత్తటి చెప్పులు, బయట నేల తగలనివి, వేసుకోవచ్చు. లిడియా సోమవారం నుంచి మళ్ళీ పట్టులోకి.

అన్నం తింటూ, "నేను చెప్పిందే చివరికి అయింది" అన్నాను.

లిడియా ముద్ద ఆపి చూసింది. "నువ్వు చెప్పింది కాదు నాన్నా. నేను చేసింది."

"అదే అదే."

"అదే కాదు."

సరే. రాసుకుంటున్నాను. అది చేసింది.

ఆగస్టు 7

రేపు వరలక్ష్మీ వ్రతం. రద్దీలో కూర్చోడానికి వీలు కాలేదట, ఇవాళ పొద్దున మంచం దిగి మళ్ళీ గోడ పట్టుకుని నడిచింది. గోడ మీద దాని అరచేతి జాడ నల్లగా పడింది. ఆ జాడ చూస్తే కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మనిషి లేకుండా కోపం రావడం ఇదే మొదటిసారి. వెళ్ళి ఐసు సీసా తెచ్చాను.

ఆగస్టు 20

డాక్టరమ్మ చూసింది. సుగరు లేదు, థైరాయిడ్ లేదు. నొక్కితే ఈసారి లిడియా ఎగరలేదు, పళ్ళు బిగించింది. "సగం దూరం వచ్చావు" అంది. "మిగతా సగం ఇలాగే, విసుగ్గా ఉంటుంది. ఆపకు." రాత్రిపూట కట్టుకునే ఆ పట్టీ ఒకటి రాసిచ్చింది. "తరంగాల మిషన్?" అని నేను అడిగాను, వినడానికి గొప్పగా ఉందని. "ఇప్పుడు అక్కర్లేదు పెద్దాయనా" అంది. ఈ అక్కర్లేదు అన్న మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

సెప్టెంబరు 2

విసుగు. అది చేస్తోంది, నాకు విసుగు.

సెప్టెంబరు 14, ఆదివారం

నేను వరండాలో పళ్ళు తోముకుంటున్నాను. లోపల మంచం కిర్రుమంది. లిడియా లేచింది. తువ్వాలు లాగుడు అయింది. తర్వాత గోడ మీద చెయ్యి రాసుకునే చప్పుడు రావాలి. ఇన్ని నెలలుగా ఆ చప్పుడుకే నా రోజు మొదలవుతోంది.

రాలేదు.

చెప్పులు టపటపలాడించుకుంటూ గుమ్మం దాటి, నా పక్కనుంచే కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంటోంది. దానికే తెలియలేదు! జుట్టు ముడి వేసుకుంటూ, నిద్ర మొహంతో, మామూలు మనిషి నడిచినట్టు నడిచేసింది!

"లిడియా! గోడ పట్టుకోలేదే నువ్వు!"

వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. మొహం మీద నీళ్ళు. మళ్ళీ లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని, మళ్ళీ లేచి వచ్చింది, నిజమేనా అని. నిజమే. కాస్త నొప్పి ఉందట, పూర్తిగా పోలేదట, కానీ పట్టుకోబుద్ధి కాలేదట.

నేను అరిచాను. రెబ్కా పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. పాలు పొంగిపోయాయి. పొంగనీ! ముగ్గురం కలిసి ఏడ్చాం, కుళాయి కట్టేయడం మర్చిపోయి వాకిలంతా నీళ్ళు.

"ఊరంతా చాటించకు నాన్నా" అంది లిడియా. "ఇంకా వైద్యం అయిపోలేదు. మడమ నాది."

ఊరంతా చాటించను. బంధువులకి మాత్రం చెప్పాలి. బంధువులు ఊరు కాదు.

నరసరావుపేట పెద్దొదిన. "ఒళ్ళు తగ్గితే అదే తగ్గుతుంది" అన్నందుకు మొదటి ఫోను ఆమెకే. స్పీకర్ పెట్టి చెప్పాలి.

చీమకుర్తిలో మా తమ్ముడి కొడుకు మార్క్. గ్రానైట్ కోసే చోట రాతి పలక మీద నిలబడతాడు. వాడికి తువ్వాలు లాగుడు వీడియో కాల్‌లో చూపించాలి.

రెబ్కా అన్నయ్య. "ఆడపిల్లకి ఉద్యోగమెందుకు, అందుకే నొప్పులు" అన్నాడు. లిడియానే మాట్లాడమనాలి. నేను మాట్లాడితే చుట్టరికం తెగిపోతుంది.

పెదకాకాని పిన్ని. వేడి ఇటుకరాయి చెప్పింది ఈమే. నెమ్మదిగా చెప్పాలి, మంచి మనసుతోనే చెప్పింది.

కరుణాకర్. చుట్టం కాదు, కానీ బాబాయ్ అంటాడు కదా. ఈసారి అరవను. చెప్పి వచ్చేస్తాను. ఒకే ఒక్క మాట అంటానేమో.

ప్రకాష్ బావ, జెస్సీ, తెనాలి వాళ్ళు. వాట్సాప్ చాలు.

అద్దంకి దగ్గర మా అక్క బసవమ్మ. ఫోన్‌లో కాదు, నేనే వెళ్ళాలి. మెత్తటి చెప్పులు ఒక జత పట్టుకెళ్ళాలి, కాలి కొలత కనుక్కుని. చిన్నప్పటి నుంచి మిరపకోతల్లో ఒట్టి కాళ్ళతో నడిచిన మనిషి. పొద్దున్నే లేవగానే గోడ పట్టుకుని వేళ్ళ మీద నడుస్తుంది. మేమంతా అది ఆమె నడక అనుకున్నాం.